కుందనపు పని చూడబోవువారికి

చక్కని పిల్లను కుందనపు బొమ్మ యని మురియుట తెలుగువారికి వాడుకయే గాని, ఆ కుందనము రాతిని పట్టి నిలుపు విధమును కన్నులార చూచినవారు మనలో బహుకొద్దిమంది. చూడగోరువారు జయపురమునకు పోవలెను. సవాయి జయసింహుడు 1727లో పునాది వేసిన ఆ నగరమున, జోహరీ బజారు చుట్టుపట్ల సందులలో, నేలపై కూర్చుండి, బంగారు గూటిలో లక్క నింపి, దానిపై రాతిని కుదురుకొలిపి, సాగగొట్టిన మేలిమి రేకును రాతి అంచు చుట్టును సన్నని పనిముట్టుతో నొక్కుచు పోవు జడియా, అనగా రాళ్లు పొదుగువాని, పనితనము అచ్చెరువు గొలుపును. ఆ రేకు అతుకుటకు టంకము గాని కొలిమి గాని అక్కరలేదు. కల్తీ యెరుగని మేలిమి గనుక ఒత్తిడిమాత్రముననే పొర పొరతో ఏకమగును.

ఆ నగను వెనుకకు త్రిప్పినచో మరియొక సౌందర్యము. ఒంటికి తగులు ఆ వైపున, పరుల కంటబడని చోట, మీనా పనివాడు లోహమును తొలిచి, గాజుపొడి రంగులు నింపి, కాల్చి, పూలను పక్షులను వెలయించును. అధికమైన వేడికి ఓర్చు తెలుపు మొదట, ఓర్వలేని ఎఱుపు కట్టకడపట కాలవలెను. ఈ వరుస తప్పినచో శ్రమయంతయు వృథా. రూపమును గీయువాడు, కంసాలి, నగిషీ చెక్కువాడు, మీనా పనివాడు, జడియా, ఇందరి చేతులు దాటి వచ్చిన నగపై అంగడిలో వర్తకుని పేరొక్కటియే నిలుచుట నాకు అన్యాయముగా తోచును.

చూచి మరలిపోక, పోయిన ఊరి విద్యను కొంతయైనను స్వహస్తములతో అభ్యసించు యాత్రకు గ్రెగ్ రిచర్డ్స్, క్రిస్పిన్ రేమండ్ అను ఇరువురు 2000లో సృజనాత్మక పర్యటన యని నిర్వచనము చెప్పిరి. 2015లో యునెస్కో వారి సృజనాత్మక నగరముల కూటమిలో హస్తకళలకై చేరి, 2019లో ప్రపంచ వారసత్వ స్థానమైన జయపురమునకు ఇది సహజమైన మార్గము. అంబరు కోట చెంత అనోఖీ అద్దకపు ప్రదర్శనశాలలో సందర్శకులు తామే అచ్చువేసి చూచుచున్నారు గదా! బంగారము, మణులు వెలగలవి గనుక, కొత్తవారి చేతికి రాగిరేకును గాజురాళ్లను ఇచ్చి, ఆ రేకు మేలిమివలె ఏకము కాకున్నను, చేతి కదలికనైనను నేర్పవచ్చును. అయితే నేర్పినవానికి ఆ పూట కూలి నేరుగా ముట్టవలెను. సందర్శకులు కొద్దిమందియే యుండవలెను. పనివాని ఏకాగ్రత వినోదమునకు బలి కారాదు. ఈ మూడును కుదరనిచో ఆ యాత్ర తలపెట్టకుండుటయే మేలు.

ఇది మనకును దూరపు మాట కాదు. హైదరాబాదు లాడ్ బజారులో లక్కను వేడిచేసి, గాజుగా మలచి, మెత్తదనము ఆరకమునుపే తళుకురాళ్లు అద్దు కుటుంబములు నేటికిని కలవు. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. చార్మినారు చూడవచ్చినవారిని ఒక గంటసేపు ఆ పనివారి ప్రక్కన కూర్చుండబెట్టి, తమ గాజుకు తామే రాళ్లు అద్దుకొను అవకాశము కల్పించుట ఎంత సులభము!

నగలు కొనబోవు పాఠకులారా, వెల యడుగుటకు ముందు, ఈ రాళ్లు పొదిగిన చేతులు ఎవరివో చూపుడని యడుగుడు.