సీటొస్తే పండగే.. ఆపైనే అసలు పరీక్ష

* తెల్లకోటు వెనుక ఇంట్లో చెప్పుకోలేని కష్టాలు
* ఇంట తెలుగు, బడిలో కన్నడ, కళాశాలలో ఇంగ్లిషు
* సరిహద్దు పిల్లలకు అడుగడుగునా లెక్కలే

వల్లూరు (పావగడ):

పల్లెలో ఒకరి బిడ్డకు డాక్టరు సీటొచ్చిందంటే ఆ సంబరం ఒక్క ఇంటిది కాదు. బడిలో శాలువా కప్పుతారు, బస్టాండులో ఫ్లెక్సీ కడతారు. 'మా ఊరి డాక్టరు' అనే పేరు ఆ రోజే పడిపోతుంది. చదువు మాత్రం ఇంకా మొదలే కాలేదు. ముందు అయిదున్నరేళ్లున్నాయి. నాలుగున్నరేళ్లు తరగతులు, వార్డులు, ఆపైన ఏడాది హౌస్‌సర్జన్సీ. ఆ అయిదున్నరేళ్లలో ఏం జరుగుతుందో ఊరికి తెలియదు. ఇంటికీ సగమే తెలుస్తుంది. ఫోన్లో 'యట్లుండావు పాపా' అంటే 'బాగుండా నాయనా' అనే మాటే వినిపిస్తుంది.

ఆ మాట వెనుక ఏముందో చూస్తే సీటు తెచ్చుకోవడమే తేలికనిపిస్తుంది.

గీతకు ఇటా.. అటా?

పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రానే. తుమకూరు జిల్లాలో ఉన్నా జిల్లా కేంద్రం దాదాపు 100 కిలోమీటర్ల దూరం. సంతకైనా, సంబంధానికైనా, ఆస్పత్రికైనా అటు హిందూపురం, మడకశిర, అనంతపురం వైపు చూడటం ఇక్కడివారికి అలవాటు. చదువు దగ్గర మాత్రం ఈ అలవాటు కొంప ముంచవచ్చు.

పదో తరగతి కాగానే 'ఇంటర్‌కు ఆంధ్రాలో చేర్పిస్తే నీట్‌ కోచింగు బాగుంటుంది' అనుకునే తల్లిదండ్రులు ముందుగా నిబంధనలు చూసుకోవాలి. కర్ణాటక కోటాలో సీటు అడగాలంటే సాధారణంగా కనీసం ఏడేళ్లు ఈ రాష్ట్రంలోనే చదివి ఉండాలి. ఆంధ్రాలో స్థానికుడు అనిపించుకోవాలంటే 371డి అధికరణం కింద వచ్చిన ఉత్తర్వుల ప్రకారం అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. రెండేళ్ల ఇంటర్‌తో అది తీరదు. అటూ ఇటూ మారిన పిల్లాడు మార్కులుండి కూడా కాగితాల దగ్గర చిక్కుకునే ప్రమాదముంది.

పల్లె బడిలో ఒకటి నుంచి పది వరకు చదివినవారికి కర్ణాటకలో 15 శాతం గ్రామీణ కోటా ఉంది. అదే పదేళ్లు కన్నడ మాధ్యమంలో చదివితే మరో 5 శాతం కోటా ఉంది. వల్లూరు వంటి ఊళ్ల పిల్లలకు ఇవి అందివచ్చేవే. అయితే కన్నడ మాధ్యమంలో సీటు తెచ్చుకున్న బిడ్డకు అసలు చిక్కు కళాశాల గడప దాటాకే ఎదురవుతుంది.

మూడు భాషల మధ్య నలిగి

ఇంట్లో తెలుగు. బడిలో కన్నడ. మొదటి ఏడాది చేతికొచ్చే అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ పుస్తకాలన్నీ ఇంగ్లిషు. ఫార్మలిన్‌ వాసనకు కళ్లు మండుతుంటే శవం ముందు నిలబడి వందల పేర్లు బట్టీ పట్టాలి. నగరంలో ఇంగ్లిషు మాధ్యమంలో చదివిన పక్కవాడు అర్థం చేసుకునే వేళకు, ఈ బిడ్డ మాటకు మాట వెతుక్కుంటూ ఉంటాడు. ఊరి బడిలో ఎప్పుడూ మొదటి స్థానంలో ఉన్నవాడికి మొదటి ఇంటర్నల్స్‌లో తప్పడమంటే తల కొట్టేసినట్టే. ఆ మాట ఇంట్లో ఎలా చెప్పాలి? ఊరంతా డాక్టరని పిలుస్తుంటే 'నాకు పాఠం అర్థం కాలేదు' అని ఎవరితో అనాలి?

మొదటి ఏడాది పరీక్ష దాటడానికి జాతీయ వైద్య కమిషన్‌ ఇచ్చేది నాలుగు అవకాశాలే. ఎంబీబీఎస్‌ మొత్తం తొమ్మిదేళ్లలో ముగించాలి. భాష తెలియని పిల్లల కోసం 2019 పాఠ్యప్రణాళికలో మొదటి ఏడాది ఆరంభంలోనే ఫౌండేషన్‌ కోర్సు పెట్టారు. అందులో భాషా శిక్షణకూ చోటుంది. ఆ కొద్దిపాటి శిక్షణతో ఏళ్ల వెలితి పూడుతుందా అన్నదే ప్రశ్న.

కౌలు డబ్బు ఎంతకని?

పావగడ సోలార్‌ పార్కుకు భూమిచ్చిన అయిదు ఊళ్లలో వల్లూరు ఒకటి. తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు మిగతావి. దాదాపు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు 2019 చివరికి పూర్తయింది. వేరుశనగ ఎండిపోయే నేలకు ఎకరాకు ఏటా 21 వేల కౌలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు అంటే రైతుకు ఊరటే.

కానీ డాక్టరు చదువు ముందు ఆ లెక్క నిలవదు. మూడెకరాలిచ్చిన ఇంటికి మొదటి ఏడాది వచ్చే కౌలు 63 వేలు. ప్రభుత్వ కళాశాలలో సీటొస్తే ఎలాగో లాక్కురావచ్చు. ప్రైవేటు కళాశాలలో ప్రభుత్వ కోటా సీటైతే ఫీజే ఏడాదికి లక్షన్నర దరిదాపు. ప్రైవేటు కోటా సీటైతే పది పన్నెండు లక్షలు. హాస్టలు, పుస్తకాలు, పరికరాలు దీనికి అదనం. సెంటు భూమి లేని కూలీ ఇంటికి కౌలూ లేదు, పొలాల్లో పనీ తగ్గింది. అప్పు చేసి పంపిన తండ్రికి 'నావల్ల కావట్లేదు నాయనా' అని చెప్పే ధైర్యం ఏ బిడ్డకుంటుంది? కష్టం దాగేది ఇక్కడే.

ఇక్కడి ఫీజు కట్టలేక విదేశాలకు వెళ్లేవారిదీ అదే బాధ. తిరిగొచ్చాక రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈలో 300కు 150 మార్కులు తెచ్చుకోవాలి. చాలా విడతల్లో ఉత్తీర్ణత 30 శాతం దాటలేదు. 2022 మార్చి 1న ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో దాడికి బలైన విద్యార్థి మన కర్ణాటకలోని హావేరి జిల్లావాడే. ఇక్కడ సీటు దొరక్క అంత దూరం పోయిన బిడ్డ.

గడియారం లేని డ్యూటీ

హౌస్‌సర్జన్‌ అయ్యాక నిద్ర కరువు. పీజీలో చేరితే అదీ లేదు. రెసిడెంటు డాక్టర్లతో వారానికి 48 గంటలకు మించి పని చేయించరాదని 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకమే చెప్పింది. అమలు ఏపాటిదో ఏ పెద్దాస్పత్రి క్యాజువాలిటీలో రాత్రి కూర్చున్నా తెలుస్తుంది. 2024లో జాతీయ వైద్య కమిషన్‌ వేసిన టాస్క్‌ఫోర్సు 74 గంటలు దాటకుండా చూస్తే చాలని సిఫార్సు చేయాల్సి వచ్చింది.

ఆ టాస్క్‌ఫోర్సు సర్వేలో 25,590 మంది ఎంబీబీఎస్‌, 5,337 మంది పీజీ విద్యార్థులు పాల్గొన్నారు. ఎంబీబీఎస్‌ వారిలో 27.8 శాతం, పీజీల్లో 15.3 శాతం మంది మానసిక సమస్యలున్నట్లు తెలిపారు. అంతకుముందు కమిషన్‌ లెక్కల ప్రకారమే అయిదేళ్లలో 122 మంది వైద్య విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. 64 మంది ఎంబీబీఎస్‌, 58 మంది పీజీ. చదువు మధ్యలో వదిలేసినవారు 1,270 మంది అయితే అందులో 1,117 మంది పీజీలే. అంటే సగం దారిలో కాదు, గమ్యం కనపడే చోట కాళ్లు తడబడుతున్నాయి. 2023 ఫిబ్రవరిలో వరంగల్‌ కాకతీయ వైద్య కళాశాల పీజీ విద్యార్థిని మరణం తెలుగునాట ఈ గోడును బయటపెట్టింది.

తప్పినవాడే గెలిచాడు

పరీక్ష తప్పితే బతుకు తప్పినట్లు కాదనడానికి తెలుగువారికి యల్లాప్రగడ సుబ్బారావు కన్నా సాక్ష్యం అక్కర్లేదు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్‌ గట్టెక్కింది మూడోసారికి. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడిగినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌ బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. వైద్య విద్యకు మామగారి సాయం తీసుకున్నారు. అమెరికాలో ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పని చేస్తూ చదివారు. ఫోలిక్‌ ఆమ్లం, మెథోట్రెక్సేట్‌ వెనుక ఉన్న చెయ్యి ఆయనదే. మెట్రిక్‌ రెండోసారి తప్పినప్పుడే ఇంట్లోవాళ్లు 'చాలు' అనుంటే?

ఊరికీ ఒక పని ఉంది

పావగడ నీళ్లలో ఫ్లోరైడు పాత సంగతే. వంగిన నడుములు, అరిగిన మోకాళ్లతో వచ్చే ముసలవ్వ 'కాళ్లు పీకతాండాయి నాయనా' అంటే అదే మాటలో అర్థం చేసుకునే డాక్టరు కావాలి. చీటీ కన్నడంలో రాసి, మాట తెలుగులో చెప్పగల డాక్టరును ఏ మహానగరమూ పంపించదు. ఈ ఊళ్ల నుంచే రావాలి. కళాశాలలో నలిపిన ఆ మూడు భాషలే రేపు ఆ డాక్టరుకు బలం.

అందుకే సీటొచ్చిన రోజు కప్పే శాలువా కన్నా, మొదటి ఏడాది సెలవులకు వచ్చినప్పుడు అడిగే మాట ముఖ్యం. 'ఎన్ని మార్కులు' అని కాదు.. 'నిద్ర పడతాందా, అన్నం తింటాండావా' అని. పరీక్ష పోయిందంటే 'పోతే పోనీ, మళ్లీ రాద్దువులే' అనే ఒక్క మాట ఇంట్లోంచి రావాలి. 'బాగుండా నాయనా' అన్న జవాబుతో ఫోను పెట్టేయకుండా, ఇంకో అయిదు నిమిషాలు మాట్లాడటం ఫీజు కట్టినంత పనే.

ఇవి దగ్గరుంచుకోండి

* మనసు బాగోలేకపోతే టెలిమానస్‌: 14416. తెలుగులోనూ, కన్నడలోనూ మాట్లాడవచ్చు. రూపాయి ఖర్చుండదు.
* ర్యాగింగ్‌ ఫిర్యాదుకు జాతీయ హెల్ప్‌లైన్‌: 1800 180 5522.
* ఇంటర్‌ ఏ రాష్ట్రంలో చదివించాలో తేల్చుకునే ముందే ఆ ఏటి ప్రవేశ నిబంధనలు చదవండి. ఒకటో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు భద్రపరచుకోండి.