అన్నీ నిద్రమాత్రలేనా?

మన ఇళ్లలో మనోవ్యాధి అన్న మాట పైకి అనరు. "నరాల బలహీనత" అంటారు. వైద్యుణ్ణి "నరాల డాక్టరు" అంటారు. ఆయన రాసిచ్చే మందులన్నిటికీ కలిపి ఒకటే పేరు: "నిద్రమాత్రలు". తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక మాటల పట్టింపు నాకు కొంచెం ఎక్కువే. కాని ఒక్క మాట నాలుగు రకాల మందులను కప్పేస్తే ఎంత ముప్పో మా అన్నగారి అమ్మాయి చెబితేగాని తెలియలేదు.

ఆ అమ్మాయి నర్సింగు మూడో సంవత్సరం చదువుతున్నది. పుస్తకాలేమో ఇంగ్లీషు, వార్డులో రోగి తల్లి అడిగేది తెలుగు. "బాబాయ్, ఈ మందులేం చేస్తాయో ఆ తల్లులకు బోధపడేట్టు చెప్పాలి. నువ్వు మాటలు సాయం చెయ్యి" అన్నది. విషయం ఆమెది, మాటలు నావి. అలా రాసుకున్నది పాఠకులకూ పనికివస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

ముందు మెదడు సంగతి. అందులో కోటానుకోట్ల నరకణాలున్నాయి. కణానికీ కణానికీ నడుమ సన్నని సందు వుంటుంది. ఒక కణం తాను చెప్పదలచినదాన్ని రసాయన రూపంలో ఆ సందులోకి వదులుతుంది. అవతలి కణం అందుకుంటుంది. వీటిని జాబులనుకోండి. డోపమైన్, సెరటోనిన్, గాబా అన్నవి కొన్ని జాబుల పేర్లు. పని అయిపోయాక చాలా జాబులను, పంపిన కణమే వెనక్కు లాక్కుంటుంది. ఈ మందుల్లో చాలావాటి పని ఈ ఉత్తర ప్రత్యుత్తరాల్లోనే.

మొదటి రకం మందులు, లేని గొంతులు వినబడేవారికి, అందరూ తన మీద కుట్ర పన్నుతున్నారని నమ్మేవారికి ఇచ్చేవి. 1931లోనే గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ అనే వైద్యులు మన సర్పగంధ వేరు ఉన్మాదానికి పనికివస్తుందని రాశారు. 1952లో పారిస్‌లో డలే, డెనికర్ అనేవారు క్లోర్‌ప్రోమజైన్ వాడి చూసిన తరువాత ఈ వైద్యం దారే మారిపోయింది. ఈ రకం మందులు డోపమైన్ జాబు అందుకునే కిటికీని మూస్తాయి. ఆవేశం కొద్దిరోజుల్లో తగ్గినా, భ్రమలు వదలడానికి వారాలు పట్టవచ్చు. ఈలోగా కొందరికి చేతులు వణుకుతాయి, ఒళ్లు బిగుసుకుపోతుంది, ఒకచోట కూర్చోలేరు. ఇంటివాళ్లు జబ్బు ముదిరిందనుకుంటారు. అది జబ్బు కాదు, మందు ప్రభావం. చెబితే డాక్టరు మోతాదు మారుస్తాడు. కొత్తగా వచ్చిన మందుల్లో ఈ బాధ తక్కువేగాని, కొన్నిటివల్ల బరువు, రక్తంలో చక్కెర పెరుగుతాయి.

రెండవ రకం దిగులు జబ్బుకు. 1957లో స్విట్జర్లాండు వైద్యుడు రోలండ్ కూన్ ఇమిప్రమైన్ గుణాన్ని ప్రకటించాడు. 1987లో అమెరికాలో అనుమతి పొందిన ఫ్లూక్సెటైన్ వంటివి సెరటోనిన్ జాబులను కణం వెనక్కు లాక్కోకుండా ఆపుతాయి. ఆ ఆపడం గంటల్లోనే మొదలవుతుంది. మనసు తేలికపడటానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కొక్కరికి ఆరు వారాలు పడుతుంది. మొదట కనిపించేది కడుపులో వికారమే! "పది రోజులు మింగాం, గుణం లేదు" అని మానేసేది సరిగా ఇక్కడే. ఇంకొక జాగ్రత్త: దిగులు తీరకముందే ఒంట్లో చురుకు రావచ్చు. చనిపోవాలన్న ఆలోచన వున్నవారిని, ముఖ్యంగా వయసులో వున్న పిల్లలను, ఆ తొలి వారాల్లో కనిపెట్టి వుండాలి. మాత్రలు ఇంటి పెద్దల చేతిలో వుండాలి.

మూడవది లిథియం. ఒకప్పుడు పట్టరాని ఉత్సాహం, ఒకప్పుడు పాతాళమంత దిగులు కలిగేవారికి మనసు నిలకడ చేసే మందు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ దీని గుణాన్ని బయటపెట్టాడు. ఇది ఎలా పనిచేస్తుందో శాస్త్రజ్ఞులు నేటికీ పూర్తిగా తేల్చలేదు. మేలుచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ దూరం బహు తక్కువ. అందుకే తరచు రక్తపరీక్ష. ఎండల్లో చెమటలు కారినా, విరేచనాలైనా, ఉప్పు మానేసినా లిథియం రక్తంలో పెరిగిపోతుంది. మందు మింగుతున్నాడు గదా అని ఉప్పులేని పథ్యం పెట్టే పెద్దమ్మలు మన ఇళ్లలో లేరా? వాంతులు, తూలు, మాట ముద్దకావడం కనబడితే క్షణం ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకుపోవాలి.

నాలుగవ రకం, 1963లో వచ్చిన డయజిపామ్ వంటివి. గాబా అంటే "నెమ్మది" అని చెప్పే జాబు. ఈ మందులు దాని మాటకు బలం చేకూరుస్తాయి. గంటలోపే గుండెదడ తగ్గుతుంది, కన్ను మూతపడుతుంది. అయితే వారాల తరబడి వాడితే అలవాటవుతుంది. హఠాత్తుగా మానితే ఫిట్సు రావచ్చు. మద్యంతో కలిస్తే ఊపిరికే ప్రమాదం.

చూశారా చిత్రం! నిద్రమాత్ర అన్న పేరు నిజంగా తగేది ఈ నాలుగవ రకానికే. ఇది వెంటనే గుణం చూపిస్తుంది గనుక జనానికి నమ్మకం. నిదానంగా పనిచేసే మిగతా మూడింటి మీద అనుమానం. దానితో చాలాకాలం వాడవలసినవాటిని మానేసి, కొద్దికాలం వాడి మెల్లగా విడవవలసినదాన్ని పట్టుకుంటారు. మా అమ్మాయి చూసిన ఒక కుర్రవాడు మందులతో కుదుటపడి ఉద్యోగానికి కూడా పోతున్నాడట. పెళ్లి సంబంధం వచ్చింది. చూడవచ్చినవాళ్ల కంట మాత్రలు పడతాయని ఇంట్లోవాళ్లే మాన్పించారు. మూడు నెలలు తిరక్కుండా మళ్లీ వార్డుకు తెచ్చారు. ఆ కుటుంబానికి ప్రేమ తక్కువై కాదు. ఏ మాత్ర ఏం చేస్తున్నదో ఎవరూ విడమరచి చెప్పలేదు.

అందుచేత చీటీ చేతికి వచ్చినప్పుడు నర్సమ్మనో, డాక్టరుగారినో నాలుగు ప్రశ్నలు అడగండి: ఇది ఏ రకం మందు? ఎన్నాళ్లకు గుణమిస్తుంది? ఏ ఇబ్బంది కనబడితే వెంటనే రావాలి? మానేటప్పుడు ఎలా మానాలి? దగ్గర్లో అడగడానికి ఎవరూ లేకపోతే ప్రభుత్వంవారి టెలి మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. అడగడం నామోషీ కాదు. రక్తపు పోటుకు మాత్ర వేసుకునేవాడు ఎవరికీ దాచడు గదా. మనసుకు వేసుకునేవాడు మాత్రం ఎందుకు దాచాలి?