సలహా చెప్పేముందు... ఓ ప్రశ్న!

'మా మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయి. ఏం కొట్టాలి?'

మిద్దెతోటలు పెంచేవాళ్లు నలుగురు చేరితే తప్పకుండా వినిపించే ప్రశ్న ఇది. జవాబులకూ కొదవుండదు. ఒకరు వేపనూనె అంటారు, ఇంకొకరు పుల్లమజ్జిగ అంటారు, మరొకరు ఏకంగా పురుగుమందు పేరే చెప్పేస్తారు. అందరిదీ మంచి మనసే. కానీ ఆ మందు పడేది రేపు కూరలో వేసుకునే కాయ మీద!

నిజానికి ముడతలన్నీ ఒకటి కావు. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగుల పని. కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా కనిపిస్తే తెల్లనల్లి. ఆకులు చిన్నవైపోయి మొక్క గిడసబారితే తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్‌ కావచ్చు. మొదటిదానికి వేపనూనె, నీలిరంగు జిగురు అట్టలు సాయపడతాయి. రెండోదానికి నీటిలో కరిగే గంధకం వాడతారు. అదీ ఎండ ముదిరినప్పుడు కొడితే ఆకులు మాడతాయి. మూడోదానికి మందే లేదు, పక్క మొక్కలకు అంటకుండా పీకేయాల్సిందే. అందుకే తెలిసినవాళ్లు ముందు మందు చెప్పరు. 'ముడత పైకా, కిందికా?' అని అడుగుతారు.

ఏ ఊరు మీది?

రామగుండం, గోదావరిఖని సంగతే చూడండి. ఇక్కడ నడివేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. 'కూరగాయలకు రోజంతా ఎండ తగలాలి' అన్న మాట బెంగళూరులో బాగానే ఉంటుంది కానీ, ఇక్కడ మే నెలలో మొక్కల్ని మాడ్చేస్తుంది. టొమాటో పూత రాలితే చాలామంది ఎరువు తగ్గిందంటారు. ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని పూత నిలవదు. అప్పుడు కావాల్సింది ఎరువు కాదు, షేడ్‌నెట్‌. ఇక, ఓపెన్‌కాస్టుల దగ్గరి ఇళ్లలో ఆకుల మీద పేరుకున్న దుమ్మును తెగులనుకోకూడదు. పొద్దున్నే నీళ్లతో కడిగితే సరి.

కప్పు మాటేంటి?

'మిద్దె మీద మడి కట్టేయండి' అనడం తేలిక. ఒక చదరపు మీటరులో అడుగు మందాన పోసిన తడిమట్టి బరువు దాదాపు 500 కిలోలు. ఇల్లు సొంతమా, క్వార్టరా? ఎన్నేళ్లనాటిది? మడి కింద బీము ఉందా? ఇవి అడక్కుండా చెబితే నష్టపోయేది మొక్క కాదు, ఇల్లు.

ఒకప్పుడు సింగరేణిలో పనిచేసిన కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్‌ శివారు నారపల్లిలో తన ఇంటిపైనే తోట పెంచారు. ఆ అనుభవాన్నే 'మిద్దెతోట' పుస్తకంగా రాశారు. చేసి చూసినవాళ్ల మాటకు ఉండే విలువే వేరు. చేయనిదాని గురించి అడిగితే 'నాకు తెలీదు, రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి' అనడం కూడా మంచి సలహానే.

అన్నట్టు, సలహా చెప్పి మర్చిపోయేవాళ్లే ఎక్కువ. వారం తర్వాత 'మీ మిరప ఎలా ఉంది?' అని అడిగేవాళ్లు కొందరే. ఏది పనిచేసిందో, ఏది చేయలేదో వాళ్లకే తెలుస్తుంది. ఆ తర్వాత అడిగేవారికి సరైన జవాబు దొరికేదీ వాళ్ల దగ్గరే!