‘ఈజ్’ ఎక్కడ జారిపోతోంది?

పొందూరు పేరెత్తితే సన్నఖాదీ గుర్తుకొస్తుంది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్నని నూలు తీసే ఊరది. ఆ ఊళ్లో నేత ఇంటి కుర్రాడు ‘మా నాన్న నేతగాడు’ అన్న మాటను ఇంగ్లీషులో రాయాలనుకుందాం. ‘మై ఫాదర్ వీవర్’ అని రాసి ఊరుకుంటాడు. మాస్టారు ఎర్రసిరాతో సున్నా చుడతారు. తప్పెక్కడో కుర్రాడికి తెలియదు, భయం మాత్రం మిగిలిపోతుంది.

ఇంతకీ వాడు చేసిన నేరమేమిటి? తెలుగులో ఆలోచించడమే. ‘మా నాన్న నేతగాడు’, ‘మా ఊరు పొందూరు’ - ఈ మాటల్లో క్రియ లేదు. లేకపోయినా వాక్యానికి లోటు లేదు. ఇంగ్లీషులో ఆ వెసులుబాటు కుదరదు. ‘ఈజ్’ ఉండి తీరాలి. నేతగాళ్లలో ఒకడని చెప్పడానికి ‘ఎ’ కూడా చేరాలి. ‘మై ఫాదర్ ఈజ్ ఎ వీవర్’ అన్నప్పుడే అది వాక్యం.

పదో తరగతిలో అన్నీ గట్టెక్కి ఒక్క ఇంగ్లీషు దగ్గర ఆగిపోయే పిల్లలు పల్లెలకు కొత్త కాదు. ఇంటికెళ్లి అడుగుదామంటే చెప్పేవారుండరు.

క్రియ సంగతి మరీ విచిత్రం. ‘అమ్మ నూలు వడుకుతుంది’ అంటాం. క్రియ చివర నిలబడింది. ఇంగ్లీషులో అది నడుమకు వస్తుంది: ‘మదర్ స్పిన్స్ యార్న్’. తెలుగులో వడుకుతాను, వడుకుతావు, వడుకుతాడు, వడుకుతుంది, వడుకుతారు అని ఎన్ని తోకలో! ఇంగ్లీషులో రోజూ చేసే పని చెప్పేటప్పుడు ‘ఐ, యూ, వి, దే’ అన్నిటికీ ‘స్పిన్’ ఒక్కటే. ‘హి, షి, ఇట్’ వచ్చినప్పుడు మాత్రం ‘ఎస్’ చేరుతుంది. అన్ని తోకలను తడబడకుండా తిప్పే పిల్లవాడికి ఒక్క ‘ఎస్’ కొండంతయిందంటే లోపం వాడి బుర్రలో లేదు, చెప్పే తీరులో ఉంది.

ఈ జిల్లావారే అయిన గిడుగు రామమూర్తి పంతులు ఇక్కడ గుర్తుకు రావాలి. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవరల మాట చెవులారా విని ఆ భాష నేర్చుకున్నారు. సవర భాషకు ఆయన ఇంగ్లీషులో రాసిన వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. వ్యాకరణాన్ని ఆయన వెతికింది జనం నోళ్లలో. పొందూరు పిల్లల నోళ్లలోనూ తెలుగు వ్యాకరణం నిక్షేపంగా ఉంది. బోర్డు మీద తెలుగు వాక్యం పక్కనే ఇంగ్లీషు వాక్యం రాసి, ‘ఇందులో ఉన్నదేది, అందులో లేనిదేది?’ అని అడిగితే ‘ఈజ్’ కింద గీత వాళ్లే గీస్తారు.

తెలుగుదే పైచేయి అయిన చోట్లూ లేకపోలేదు. ఎదుటివారిని కలుపుకుంటే ‘మనం’, కలుపుకోకపోతే ‘మేము’. ఇంగ్లీషువారికి రెండింటికీ ‘వి’ ఒక్కటే గతి. అన్నయినా తమ్ముడైనా ‘బ్రదరే’.

ఇక ‘ఎ’, ‘ఆన్’ల తగువు. దీన్ని కంటితో కాక చెవితో తేల్చుకోవాలి. తర్వాతి మాట అచ్చు శబ్దంతో మొదలైతే ‘ఆన్’. అందుకే యూనివర్సిటీకి ‘ఎ’, ఎమ్మెల్యేకి ‘ఆన్’.