ఒక గుర్తు, రెండు ధ్వనులు

శంషాబాదు విమానాశ్రయమునకు సమీపమున పహాడీ షరీఫ్ కొండమీద బాబా షర్ఫుద్దీన్ దర్గా కలదు. ఆ ప్రాంతమున తెలుగుతోపాటు ఉర్దూయు జనుల వాడుకలో నున్నది. ఉర్దూ అక్షరములలో ‘దాల్’, ‘రే’ అనునవి చూపునకు దగ్గరి చుట్టములు. దాల్ గీతమీద కూర్చుండును. రే గీత క్రిందికి జారును. ఉర్దూ లిపికి మూలము అరబీ. అరబీకి మూలము నబతీయుల లిపి. దానికి మూలము అరామిక్. ఈ వంశమున దకార రేఫల పోలిక చాల పాతది.

ఇరాకు ఉత్తరభాగమునందలి హత్రా నగరమున ఆ పోలిక అభేదమే అయినది. క్రీస్తుశకపు తొలి శతాబ్దులనాటి అచ్చటి అరామిక్ శాసనములలో ‘దాలెత్’కును ‘రేష్’కును రూపమొక్కటే. అది దకారమో రేఫమో సందర్భమునుబట్టి చదువరి ఊహింపవలసినదే. ఎరుగని వ్యక్తినామము తగిలినచో పండితునకును సందేహమే.

కంప్యూటరు అక్షరములను సంఖ్యలుగా దాచుకొనును. ఏ యక్షరమునకు ఏ సంఖ్యయో లోకమంతటికి ఒక్క తీరున నిర్ణయించునది యూనికోడ్. 2015లో హత్రా లిపి అందు చేరినపుడు ఈ గుర్తునకు ‘దాలెత్-రేష్’ అను జంటపేరుతో ఒకే సంఖ్య లభించినది. ఇది మేలైన నిర్ణయము. రెండు సంఖ్యలున్నచో ఎత్తివ్రాయువాడు ప్రతిచోట ఏదో యొకటి తేల్చవలసివచ్చును. రాతిలో లేని తీర్పు ప్రతిలోనికి వచ్చును. 2014లో చేరిన పాల్మైరా లిపిలో మాత్రము ఆ రెంటికి వేర్వేరు సంఖ్యలు గలవు. అచ్చటి కొన్ని శాసనములలో రేష్‌పై చుక్క కనబడును.

తెలుగులో దీనికి విపర్యయమైన సమస్య కలదు: ధ్వని ఒక్కటి, రూపములు రెండు. పూర్వపు వ్రాతలో పొల్లు నకారమునకు ‘నకారపొల్లు’ అను ప్రత్యేకరూపముండెడిది. నేడు ‘న్’ అని వ్రాయుదుము. పలుకుబడిలో భేదము లేనపుడు వేరు సంఖ్య యేల యని అడుగవచ్చును. కాని రెంటిని కలిపివేసినచో, పాత ప్రతిలో లేఖకుడు వ్రాసిన రూపమేదో కంప్యూటరులోని ప్రతివలన తెలియదు. 2021లో వెలువడిన యూనికోడ్ 14వ కూర్పు నకారపొల్లునకు సొంత స్థానమిచ్చినది. ఇందు చిక్కు లేకపోలేదు. ‘న్’తో వెదకువానికి నకారపొల్లుతో నున్న పదము దొరకకపోవచ్చును. ఆ రెండును ఒక్కటేయని వెదకు యంత్రమునకు నేర్పవచ్చును గాని, చెరిగిపోయిన భేదమును అది తిరిగి తేజాలదు.

హత్రాలో కలిపియుంచుటకును తెలుగున వేరుచేయుటకును న్యాయమొక్కటే. మూలమున కనబడినది ముందు వ్రాయవలెను. తన ఊహ తరువాత చెప్పవలెను. తాళపత్రములను పరిష్కరించిన మన పెద్దలకు ఇది తెలిసిన ధర్మమే.