తాబేలు వీపు మీద పీట

వేములపల్లి పేరులోనే వేము ఉంది. వేము అంటే వేప. మిర్యాలగూడ పక్కన, సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో వరి పండించే ఊరది. ఆ నీళ్ళు కాలువలోకి మళ్ళకుండా కృష్ణ వెంటే సాగిపోతే హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలిసేవి. సముద్రానికి ఇంత దూరంలో ఉన్నా ఈ ప్రాంతపు ఇళ్ళలోకి సముద్రపు జీవులు ఎప్పుడో వచ్చి చేరాయి. దేవుడి గూటి తలుపు మీద శంఖం ఉంటుంది, విగ్రహం వెనక మకరతోరణం ఉంటుంది. దశావతారాలు చెక్కమంటే వడ్రంగి ఉలి ముందు చేప దగ్గర, ఆ తర్వాత తాబేలు దగ్గర ఆడాల్సిందే.

ఎనిమిది చేతులూ చాచిన ఆక్టోపస్ మీద నిలిచే బల్లలు, నత్తగుల్లలా మెలిక తిరిగిన కుర్చీలు ఇప్పుడు విదేశీ గ్యాలరీల్లో శిల్పాల సరసన నిలుస్తున్నాయి. కూర్చోవడానికి పనికొచ్చే వస్తువే చూడటానికి శిల్పంగా ఉండాలన్న ఈ ఆలోచన తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. మన పూజాపీటల్లో, గుళ్ళ కొయ్యపనిలో అది తరాలుగా ఉంది.

మకరాన్నే తీసుకోండి. మొసలి నోరు, ఏనుగు తొండం, చేప తోక కలిసిన జంతువు అది. వరుణుడికీ గంగకూ వాహనం, మన్మథుడి జెండా మీద గుర్తు. తోరణానికి రెండు పక్కలా స్తంభాల నెత్తిన మకరాలు నోరు తెరుచుకుని ఉంటాయి. ఆ నోళ్ళలోంచి వంపు పైకి లేచి, నడిమధ్యన కీర్తిముఖం అనే సింహపు మొహం దగ్గర కలుస్తుంది. నిలువు స్తంభం ఆగిపోయి వంపు మొదలయ్యే చోటు కంటికి ఇబ్బందిగా కనిపించే చోటు. సరిగ్గా అక్కడే మకరాన్ని కూర్చోబెట్టడంలో పాత శిల్పుల తెలివి కనిపిస్తుంది. రెండు ముక్కల అతుకు ఒక జంతువు నోరైపోయింది.

తాబేలు సంగతి ఇంకా ముచ్చటైనది. క్షీరసాగర మథనంలో మందర పర్వతం మునిగిపోతుంటే కూర్మం కిందకు దిగి వీపు మీద మోసింది. బరువు మోయడం, కదలకుండా ఉండటం, పైనున్నవాళ్ళను నీళ్ళకు ఎత్తుగా నిలపడం: పీట చేసే పనీ ఇదే. పూజకు కూర్చునే ముందు చదివే ఆసన మంత్రానికి దేవత కూర్మమే. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో మూలవిరాట్టు కూడా కూర్మరూపంలోనే కొలువై ఉన్నాడు. కేరళలో పూజలకు వాడే ఒక పొట్టి పీటను ఆమపలక అంటారు. ఆమ అంటే తాబేలు. ఒకవైపు తల, ఇంకోవైపు తోక బయటికొచ్చిన ఆ చెక్కను చూస్తే, శిల్పం ఎక్కడ ఆగిందో పీట ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేం.

మన తీరంలో ఇంకో దారి కూడా నడిచింది. అక్కడ జీవి ఆకారాన్ని వదిలేసి ఒంటినే తీసుకున్నారు.

పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం పేరు చెబితే ఐరోపావాళ్ళకు గుర్తొచ్చేవాటిలో కొయ్యసామాను ఒకటి. 1756లో అక్కడికి వచ్చిన జాన్ కార్నీల్ అనే బ్రిటిష్ సైన్యాధికారి అద్దకం బట్టలతోపాటు అక్కడి పొదుగుడు పనిని మెచ్చుకుని రాశాడు. కంసాలి పనివాళ్ళు ఈస్టిండియా కంపెనీ దొరల కోసం జిట్రేగి చెక్కతో కుర్చీలు, బీరువాలు, రాతబల్లలు చేసి, అంచుల వెంట ఏనుగుదంతం పొదిగేవారు. దంతం మీద సన్నని గీతలతో పూలతీగలు గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. తర్వాతి కాలంలో మంచిగంధపు చెక్కతో పెట్టెలు చేసి, వాటి మీద దంతపు రేకులు, కొమ్ము, తాబేటి చిప్ప అతికించారు. ఆ పనితనానికి ఆనవాళ్ళు ఈనాటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆ చిప్ప గద్దముక్కు లాంటి మూతి ఉన్న ఒక సముద్రపు తాబేలుది. దాని వీపు మీద పెద్ద పలకలు పదమూడు. వేడి తగిలితే మెత్తబడతాయి, నొక్కితే చదునవుతాయి. వెలుగుకు పట్టుకుంటే తేనెరంగులో నల్లటి మచ్చలు మెరుస్తాయి. అంత అందంగా ఉండటమే ఆ ప్రాణికి ముప్పు తెచ్చింది. ఇవాళ అది అంతరించే దశకు దగ్గరైన జీవుల్లో ఒకటి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణగా నిలిచింది. విశాఖ పనివాళ్ళ చేతులు గొప్పవి, అందులో సందేహం లేదు. కానీ ఆ పెట్టెల ముందు నిలబడి పదమూడు పలకల లెక్క మరిచిపోవడం మాత్రం కష్టం. అదే తీరానికి చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఇప్పటికీ వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి వెళుతున్నాయి.

ఐరోపాలోనూ ఆకారం దారి పట్టినవాళ్ళున్నారు. నౌకాధిపతి నెల్సన్ స్మారకంగా ఇంగ్లండ్‌లోని గ్రీనిచ్ నావికుల ఆస్పత్రికి 1813లో కొంత సామాను కానుకగా వచ్చింది. అందులో బల్లలకూ సోఫాలకూ కాళ్ళ చోట బంగారు పూత పూసిన డాల్ఫిన్లు. దాత ఇంటిపేరు ఫిష్ కావడం చిత్రం. పంతొమ్మిదో శతాబ్దం చివర వెనిస్‌లో ఆల్చిప్పే కూర్చునే చోటుగా, డాల్ఫిన్లూ సముద్రపు గుర్రాలూ చేతులుగా కుర్చీలు చెక్కి, వెండిరంగు పూశారు.

చెప్పడానికి తేలికే గానీ, చెక్కలో ఆక్టోపస్ చెయ్యి తీయడం వడ్రంగికి పరీక్ష. చెట్టు నార నిలువుగా పెరుగుతుంది, ఆక్టోపస్ చెయ్యి మెలికలు తిరుగుతుంది. నిలువు పలకలోంచి మెలిక కోస్తే, వంపు తిరిగిన చోట నార అడ్డంగా తెగుతుంది. మనిషి బరువు పడగానే విరిగేది అక్కడే. దీనికి మూడు దారులున్నాయి. ఒకటి, చెక్కను ఆవిరిలో ఉడికించి వంచడం. వియన్నాలో కుర్చీల తయారీదారు థోనెట్ 1859లో తెచ్చిన 14వ నంబరు కుర్చీ ఆ పద్ధతితోనే లోకమంతా తిరిగింది. రెండోది, పలకలను ఒకదాని మీద ఒకటి జిగురుతో పేర్చి, ఆ దిమ్మెను శిల్పంలా చెక్కడం. అమెరికన్ శిల్పి వెండెల్ కాజిల్ 1960లలో ఈ దారిలో కుర్చీలను కొమ్మల్లా, గుల్లల్లా మలిచాడు. మూడోది అన్నిటికన్నా పాతది: వంపు ముందే ఉన్న కొమ్మను వెతికి తెచ్చుకోవడం. నాగలి చేసినవాళ్ళకు దీని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

వేప కొమ్మ తిన్నగా పెరగదు. అందుకే పొడవైన పలకల కోసం టేకు వైపు చూస్తారు, ద్వారబంధాలకూ మంచాలకూ వేప వాడతారు. చేదు వల్ల పురుగు తొందరగా పట్టదు. సముద్రపు జీవిని చెక్కేవాడికి ఆ వంకరే అక్కరకొస్తుంది. కొమ్మ చీలిన చోట నార రెండుగా విడిపోయి తిరుగుతుంది కనుక అక్కడ కాలూ ఒళ్ళూ కలిసే అతుకు దానంతటదే దొరుకుతుంది.

తాబేటి పీటకు అంత కూడా అక్కర్లేదు. రెండంగుళాల మందం పలక చాలు. నార పొడుగ్గా తల నుంచి తోక దాకా సాగేలా గీత గీసుకోవాలి, అడ్డంగా పెడితే మెడ మొదటి దెబ్బకే ఊడొస్తుంది. బాడిసతో అంచులు దించి, ఉలితో నాలుగు కాళ్ళు విడదీసి, వీపు నడుమ అరచెయ్యంత పల్లం తీస్తారు. నిజమైన తాబేలు వీపు అక్కడ ఎత్తుగా ఉంటుంది. పీటకు మాత్రం మనిషి కూర్చోవాలి గనుక అక్కడ పల్లం.