జేబులోని చారుఁడు

రాజులకుఁ జారులే కన్నులని పెద్దలనిరి. నేఁటి చారునకుఁ గోటగోడ దాఁటఁ బనిలేదు. మన చొక్కాజేబులోనే కూర్చుండఁగలఁడు.

ఇస్రాయేలు దేశపు ఎన్‌ఎస్‌ఓ సంస్థవారి పెగాసస్ అను గూఢతంత్రము, వాట్సాప్ పిలుపు నెత్తకున్నను ఫోనులోఁ జొచ్చెనని 2019లో బయటపడెను. అట్టి కంతలను బూడ్చునవి అప్‌డేట్లే. తెర యడిగినప్పుడు రేపనవలదు.

పల్లెలలో మనకంత మాయ యక్కఱలేదు. పెండ్లి శుభలేఖ యనియో, పీఎం కిసాన్ సొమ్మనియో యొక ఫైలు వచ్చును. పేరు చివర ఇంగ్లీషున ‘ఏపీకే’ యను మూఁడక్షరములుండును. అది లేఖ కాదు, యాపు. దానిని నొక్కి, యడిగిన యనుమతులన్నియు నిచ్చినచో, బ్యాంకు పంపిన ఓటీపీ దొంగకును జేరును. తలుపు తీయుచున్నది మనమే!

నేను నెలకొకమాఱు సెట్టింగులలో మైకు అనుమతులను జూచుచుందును. టార్చిలైటు యాపు మైకు నడుగనేల? దీపమునకుఁ జెవులతో నేమి పని?

ఆండ్రాయిడు 12 మొదలుకొని, మైకు గాని కెమెరా గాని పనిచేయునప్పుడు తెర పైమూలఁ బచ్చచుక్క కనఁబడును. ఊరక యున్నప్పు డది వెలిఁగినచో, తెరను బైనుండి క్రిందికి లాగి యా గుర్తును నొక్కుఁడు. వినుచున్న యాపు పేరు తెలియును.

సొమ్మే పోయినచో వెంటనే 1930కి ఫోను చేయుఁడు, పొరుగువారి ఫోనుతో.